బాడుగకు ఉన్నవాళ్లు షరతు తప్పితే సరిదిద్దుకోమని నోటీసు ఎలా ఇవ్వాలి

కడపలో మీ ఇంటి కింది పోర్షన్ ఒక కుటుంబానికి బాడుగకు ఇచ్చారనుకోండి. అగ్రిమెంటులో 'నివాసానికి మాత్రమే' అని రాసుకున్నారు. నాలుగు నెలలు తిరక్కముందే ముందు గదిలో కర్రీ పాయింట్ మొదలైంది. వాకిట్లో బోర్డు, మెట్ల కింద పెద్ద సిలిండర్లు, పొద్దున పది దాటితే గేటు ముందు బండ్లు. అయినా వాళ్లను పంపేయాలని మీకు లేదు. బాడుగ టయానికి వస్తోంది, మనుషులూ మంచివాళ్లే. కర్రీ పాయింట్ ఎత్తేస్తే చాలు.

అలాంటప్పుడు ఇవ్వాల్సింది సరిదిద్దుకోమనే నోటీసు. చాలామంది ఓనర్లు కోపంలో 'పదిహేను రోజుల్లో ఖాళీ చేయండి' అని రాసి పంపుతారు. అది వేరే నోటీసు. ఆస్తి బదలాయింపు చట్టం 1882లోని 106వ సెక్షన్ కింద, నెలనెలా సాగే బాడుగను ముగించడానికి ఇచ్చేది అది. దానికి ఎదుటివాళ్ల తప్పు ఉండాల్సిన పని లేదు. షరతు తప్పారన్న కారణంతో లీజు రద్దు చేసి ఖాళీ చేయించే దావా వేయాలంటే మాత్రం అదే చట్టంలోని 114ఎ సెక్షన్ అడ్డు నిలుస్తుంది. ఏ షరతు ఎలా తప్పారో విడమరిచి రాతపూర్వకంగా చెప్పాలి. సరిదిద్దగలిగినదైతే సరిదిద్దమని అడగాలి. అందుకు తగిన గడువు దాటినా వాళ్లు చేయకపోతేనే దావా నిలుస్తుంది. కాబట్టి ఈ కాగితం మొదటి పని తప్పును ఆపించడం, రెండో పని అది ఆగకపోతే మీ కేసుకు పునాదిగా నిలబడటం. రెండింటికీ కావాల్సింది ఒకటే: చదివినవాళ్లకు ఏం చేస్తే సరిపోతుందో అనుమానం లేకుండా తెలియాలి.

ముందు అగ్రిమెంటు తీసి చదవండి

నోటీసు రాసే ముందు ఒరిజినల్ అగ్రిమెంటు ముందు పెట్టుకోండి. 'అలా రాసుకున్నట్టు గుర్తు' అంటే కుదరదు. నాలుగు విషయాలు చూసుకోవాలి.

ఎవరెవరు సంతకం చేశారు? భార్యాభర్తలిద్దరూ చేసి ఉంటే నోటీసు ఇద్దరి పేర్లా వెళ్లాలి. మన వైపు కువైట్‌కు పోయినవాళ్లు ఎక్కువ. సంతకం పెట్టిన ఆయన అక్కడ ఉండి ఇంట్లో భార్యాబిడ్డలు ఉంటే, నోటీసు ఆయన పేరనే, బాడుగ ఇంటి చిరునామాకే రాసి, ఇంట్లో ఉన్న పెద్దవాళ్లకు అందించవచ్చు. కువైట్‌లో ఉన్నది ఓనరే అయితే, ఆయన తరఫున పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నవాళ్లు ఆ సంగతి నోటీసులో రాసి సంతకం చేయాలి.

తప్పిన షరతు ఎన్నో నంబరు, అందులో మాటలు సరిగ్గా ఏమని ఉన్నాయి? ఆ వాక్యాన్ని నోటీసులో ఉన్నదున్నట్టు దించాలి. అగ్రిమెంటులో లేని విషయాన్ని షరతు తప్పినట్టు రాయకండి. చుట్టాలు ఎక్కువగా వస్తున్నారు, రాత్రి ఆలస్యంగా వస్తున్నారు, ఇంట్లో మాంసం వండుతున్నారు అంటూ మొదలుపెట్టే నోటీసులు చాలా ఉంటాయి. అలాంటి షరతు రాసుకోకపోతే అందులో ఉల్లంఘన లేదు. పైగా ఆ ఒక్క వాక్యం మిగతా నోటీసు విలువను కూడా తగ్గించేస్తుంది.

మూడోది, షరతు తప్పితే లీజు రద్దు చేసి ఇల్లు తిరిగి తీసుకునే హక్కు ఓనరుకు ఉన్నట్టు రాసుకున్నారా? 111వ సెక్షన్ ప్రకారం షరతు తప్పారన్న కారణంగా లీజు రద్దు చేయాలంటే ఆ మాట అగ్రిమెంటులో ఉండాలి. లేకపోయినా సరిదిద్దమని నోటీసు ఇవ్వొచ్చు, షరతు పాటించమని అడగొచ్చు. కానీ చివరికి ఖాళీ చేయించే దారి వేరే అవుతుంది.

నాలుగోది, కాలం. పదకొండు నెలల అగ్రిమెంట్లు అందరూ రాసుకోవడానికి కారణం ఉంది. ఏడాది దాటే లీజుకు 107వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మూడేళ్లకని వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుని రిజిస్టరు చేయించకపోతే, అందులోని షరతులను కోర్టులో రుజువుగా చూపించుకోవడం కష్టం. అలాంటప్పుడు, లేదా అసలు కాగితమే లేనప్పుడు, 108వ సెక్షన్‌ను ఆధారం చేసుకోండి. ఇచ్చిన పనికి కాక వేరే పనికి ఇల్లు వాడకూడదని, ఓనరు ఒప్పుకోకుండా పక్కా కట్టడం కట్టకూడదని, తమ వల్ల జరిగిన నష్టాన్ని బాగు చేయాలని అందులో ఉంది.

తప్పు నిజంగా వాళ్లదేనా?

వాడకం మార్చడంలో ఈ ప్రశ్న రాదు. నీళ్లు కారడం, గోడలు చెమ్మగిల్లడం లాంటి వాటిలో మాత్రం ఇదే అసలు ప్రశ్న. సగం గొడవలు ఇక్కడే పుడతాయి.

పై పోర్షన్‌లో బాడుగకు ఉన్నవాళ్లు వాషింగ్ మెషిన్ పెట్టారు, కింద మీ పైకప్పు మీద మరక వచ్చింది. వెంటనే నోటీసు రాయకండి. వాళ్లతో మాట్లాడి రెండు మూడు రోజులు మెషిన్ ఆపమనండి. మరక ఆరుముఖం పట్టి, మళ్లీ మెషిన్ వేశాక తడి పెరిగితే మెషిన్ నీళ్లు పోయే దారిలోనే లోపం ఉంది. మెషిన్ ఆపినా తడి అలాగే ఉంటే ట్యాంకు నుంచి దిగే పైపు చూడాలి. రాత్రి అన్ని కొళాయిలూ కట్టి, ట్యాంకులో నీటిమట్టం దగ్గర గీత పెట్టి, పొద్దున్నే చూడండి. మట్టం దిగితే పైపులోనో కొళాయిలోనో కారుతోంది. ఆ రాత్రి ఎవరూ నీళ్లు వాడకూడదు, మోటారు వేయకూడదు. వాన పడ్డప్పుడే తడిస్తే లోపం మిద్దెది. పాత బండల మిద్దెల్లో బండకూ బండకూ మధ్య సందులు విచ్చుకుని నీళ్లు దిగుతాయి. పాత పైపైనా, మిద్దె సందైనా ఆ మరమ్మతు ఓనరుదే. దాన్ని బాడుగదారు మీద వేస్తే, ఓనరు చేయాల్సిన మరమ్మతు చేయలేదంటూ వాళ్లే మీకు తిరుగు నోటీసు ఇస్తారు. మీరు అప్పటికీ చేయకపోతే, తాము చేయించుకుని ఆ ఖర్చు బాడుగలో పట్టుకునే వీలు అదే 108వ సెక్షన్ వాళ్లకు ఇస్తుంది.

ఇల్లు చూడటానికి ఒక రోజు ముందే చెప్పి, పగటిపూట, వాళ్లు ఉన్నప్పుడు వెళ్లండి. సబబైన వేళల్లో వచ్చి ఇంటి స్థితి చూసే హక్కు ఓనరుకు చట్టమే ఇచ్చింది. వాళ్లు లేనప్పుడు రెండో తాళంచెవితో తీసి చూసే హక్కు మాత్రం ఇవ్వలేదు.

తర్వాత, ఇది సరిదిద్దగలిగిన తప్పా కాదా అన్నది తేల్చుకోండి. వ్యాపారం ఆపడం, బోర్డు తీయడం, మిద్దె మీద పెట్టిన సామాను దించడం, పగలగొట్టిన తలుపు బాగు చేయించడం, సంపు నిండి పొర్లేలా మోటారు వదిలేసే అలవాటు మానడం, ఇవన్నీ సరిదిద్దదగ్గవే. ఓనరు అనుమతి లేకుండా ఇల్లు వేరేవాళ్లకు తిరిగి బాడుగకు ఇచ్చేయడం, బాడుగ ఎగ్గొట్టడం వేరే కోవలోవి. ఈ రెండింటికీ 114ఎ వర్తించదు. బాడుగ బకాయిలకు 114వ సెక్షన్ కింద వేరే లెక్క ఉంది: కోర్టులో వడ్డీతో, ఖర్చులతో బకాయి కట్టేస్తే బాడుగదారుకు ఊరట దొరకవచ్చు. కాబట్టి బాడుగ బాకీని, కర్రీ పాయింట్‌ను ఒకే నోటీసులో కలపకండి. దేనికది విడిగా రాస్తేనే మంచిది.

ఆధారాలు ఒక్కచోట పెట్టుకోండి

రెండు మూడు వేర్వేరు రోజుల ఫోటోలు తీయండి. బయటి నుంచి కనిపించేవి చాలు. బోర్డు, కౌంటరు, సిలిండర్లు, ఇంటి నంబరు ఒకే ఫోటోలో పడితే ఇంకా మేలు. లోపల మనుషులను, ఆడవాళ్లను ఫోటోలు తీయొద్దు. అది వేరే తలనొప్పి తెచ్చిపెడుతుంది. ఒక నోటుబుక్కులో తేదీ, వేళ, చూసింది ఏమిటో రాయండి. ఫోటోలు తీసిన ఫోను మార్చకుండా, ఒరిజినల్ ఫైళ్లు చెరపకుండా ఉంచండి. వాట్సాప్ మెసేజీలైనా, ఫోన్ ఫోటోలైనా కోర్టుకు ఇవ్వాల్సి వస్తే 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి.

కర్రీ పాయింట్ లాంటి వాటిలో ఓనరు తొందరపడటానికి కరెంటు మీటరు ఒక గట్టి కారణం. ఇంటి కనెక్షన్ మీద వ్యాపారం నడిస్తే, విద్యుత్ చట్టం 2003లోని 126వ సెక్షన్ కింద దాన్ని అనుమతి లేని వాడకంగా లెక్కగట్టి, వర్తించాల్సిన టారిఫ్‌కు రెట్టింపు వసూలు చేస్తారు. ఎప్పటి నుంచి నడుస్తోందో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు లెక్కేస్తారు. మీటరు మీ పేరున ఉంటే కరెంటు పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్ నుంచి కాగితం వచ్చేది మీ పేరునే. అది వచ్చేదాకా ఆగకండి. ఈ విషయం బాడుగదారుకు నోటిమాటగా చెబితే చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది.

నోటీసుకు ముందు ఒకసారి మాట్లాడటమే మంచిది. మాట్లాడాక ఆ రాత్రే వాట్సాప్‌లో 'ఈరోజు మాట్లాడుకున్నట్టు ఫలానా తేదీలోగా ఆపుతామన్నారు' అని రెండు లైన్లు పెట్టండి. వారం పది రోజులు చూసి, కదలిక లేకపోతే నోటీసు. నెలలు సాగదీయకండి. తప్పు కళ్లెదుట జరుగుతున్నా ఏడాదిపాటు నోరు మెదపకుండా బాడుగ తీసుకుంటే, ఓనరే ఒప్పుకున్నారన్న వాదనకు మీరే చోటిచ్చినట్టవుతుంది.

గడువు ఎంత?

చట్టం 'తగిన కాలం' అంటుంది, అంకె చెప్పదు. పనికి నిజంగా ఎంత పడుతుందో దాన్ని బట్టి పెట్టండి. శబ్దం, బండ్లు అడ్డంగా పెట్టడం, చెత్త లాంటి వాటికి ఏడు రోజులు చాలు. వ్యాపారం ఎత్తేయడానికి పదిహేను నుంచి ముప్పై రోజులు ఇవ్వడం న్యాయం. వాళ్లు అడ్వాన్సు కట్టి వేరే చోటు వెతుక్కోవాలి కదా. గోడ, గచ్చు, తలుపు లాంటివి పాడు చేసిన చోట జాగ్రత్త: అగ్రిమెంటులో వేరే గడువు రాసుకోకపోతే, నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోగా బాగు చేయాలని 108వ సెక్షన్ చెబుతుంది. అక్కడ మీరు వారం గడువు పెడితే నిలవదు.

'అందిన పదిహేను రోజుల్లో' అని కాకుండా క్యాలెండరు తేదీ రాయండి. ఎప్పుడు అందిందన్న గొడవ ఉండదు. పోస్టుకు ఐదు నుంచి ఏడు రోజులు కలుపుకుని తేదీ పెట్టండి. ఆ తేదీ ఉగాదికో రంజానుకో పడకుండా చూసుకోండి.

నోటీసు రాయడం

తెల్ల కాగితం చాలు, స్టాంపు పేపరు అవసరం లేదు. లాయరు చేత ఇప్పించొచ్చు, మీరే ఇవ్వొచ్చు. మొదటిది ఓనరే రాస్తే మాట తెగకుండా ఉంటుందని మా అభిప్రాయం. వాళ్లు చదవగలిగే భాషలో రాయండి. అగ్రిమెంటు ఇంగ్లీషులో ఉన్నా నోటీసు తెలుగులో ఇవ్వొచ్చు. ఉర్దూ మాత్రమే చదివే కుటుంబమైతే ఉర్దూ ప్రతి కూడా జత చేయండి. నమూనా ఇది:

తేదీ: …………
శ్రీ/శ్రీమతి ………… గారికి, ఇంటి నంబరు …………, కింది పోర్షన్, …………, కడప.

విషయం: తేది ………… నాటి బాడుగ అగ్రిమెంటులో 6వ షరతు తప్పడం, దాన్ని సరిదిద్దడం గురించి.

పైన రాసిన కింది పోర్షన్‌ను నెలకు రూ. ………… బాడుగకు, తేది ………… నాటి అగ్రిమెంటు ప్రకారం మీకు ఇచ్చాను. అందులో 6వ షరతు: 'ఇంటిని నివాసానికి తప్ప ఏ వ్యాపారానికీ వాడరాదు.'

తేది ………… నుంచి ముందు గదిలో కర్రీ పాయింట్ నడుస్తోంది. తేది …………, తేది ………… నాడు పగలు 11 గంటలకు నేను స్వయంగా చూశాను. మూడు ఫోటోలు జతచేశాను. ఇది 6వ షరతుకు విరుద్ధం.

తేది ………… సాయంత్రంలోగా మీరు అమ్మకం పూర్తిగా ఆపాలి. వాకిట్లోని బోర్డు, కౌంటరు తీసేయాలి. వ్యాపారానికి వాడే పొయ్యి, సిలిండర్లు ఇంట్లోంచి, మెట్ల కింది నుంచి తరలించాలి.

ఆ మరుసటి రోజు పొద్దున 10 గంటలకు వచ్చి చూస్తాను. ఆ వేళ మీకు కుదరకపోతే ముందుగా చెప్పండి. పనులు పూర్తయితే ఈ విషయం ముగిసినట్టు రాసిస్తాను. కాకపోతే అగ్రిమెంటు ప్రకారం, చట్టం ప్రకారం నాకున్న హక్కులు వినియోగించుకుంటాను. ఈలోగా నేను తీసుకునే బాడుగ వల్ల ఆ హక్కులు వదులుకున్నట్టు కాదు.

ఇట్లు, ………… (సంతకం, పేరు, చిరునామా, ఫోన్)

ఇందులో ఏం లేదో కూడా గమనించండి. తిట్టు లేదు, బెదిరింపు లేదు, 'ఇల్లు సరిగ్గా చూసుకోవడం లేదు' లాంటి పట్టు దొరకని మాట లేదు. 'ఇల్లు శుభ్రంగా ఉంచాలి' అని రాస్తే ఏది శుభ్రమో ఎవరు చెప్పాలి? 'వెనక వాకిట్లో ఉన్న పాత ఇనుప సామాను తీసేయాలి' అంటే తీశారో లేదో దారిన పోయేవాళ్లు కూడా చెప్పగలరు. అడిగే ప్రతి పనినీ ఈ కొలతతో చూసుకోండి. పాత తేదీ వేసి నోటీసు రాయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. పోస్టాఫీసు ముద్ర ఇట్టే పట్టిచ్చేస్తుంది.

అందించడం

మూడు ప్రతులు తీసి మూడింటి మీదా సంతకం చేయండి. ఒకటి చేతికి ఇవ్వడానికి, ఒకటి పోస్టుకు, ఒకటి మీ ఫైలుకు. అన్నిటికీ ఫోటోల నకళ్లు జత చేయాలి.

చేతికి ఇచ్చేటప్పుడు మీ ప్రతి మీద 'అందింది' అని రాయించి తేదీతో సంతకం తీసుకోండి. బాడుగదారు లేకపోతే ఇంట్లో పెద్దవాళ్లకు ఇవ్వొచ్చు. పిల్లల చేతిలో పెట్టి రావద్దు. సంతకం చేయనంటే పట్టుబట్టకండి, వెనక్కి వచ్చేయండి. పోస్టు ఉన్నది అందుకే.

2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. కౌంటరులో మామూలు స్పీడ్ పోస్టు కాకుండా రిజిస్ట్రేషన్ కావాలని, అందినట్టు రుజువు కూడా కావాలని విడిగా అడగండి. కవరు మీద ఇంటి నంబరు, పోర్షన్, వీధి, పిన్‌కోడ్ అగ్రిమెంటులో ఉన్నట్టే రాయండి. సరైన చిరునామాకు, సరైన ఖర్చు కట్టి రిజిస్టరు చేసి పంపిన ఉత్తరం అందినట్టే అనుకోవడానికి జనరల్ క్లాజుల చట్టం 1897లోని 27వ సెక్షన్ ఆధారం. చిరునామా తప్పితే ఆ ఆధారం పోతుంది. రసీదు జిరాక్సు తీసి పెట్టుకోండి. వేడికి ఆ అక్షరాలు వెలిసిపోతాయి. ట్రాకింగ్ పేజీ 'డెలివరీ అయింది' అని చూపించిన రోజే ప్రింటు తీయండి.

'తీసుకోవడానికి నిరాకరించారు' అని రాసి కవరు వెనక్కి వస్తే దిగులు పడకండి. నిరాకరిస్తే అందినట్టుగానే కోర్టులు చూస్తాయి. అయితే ఆ కవరును చింపకండి. మూసి ఉన్నది ఉన్నట్టే ఫైలులో పెట్టండి. తీరా కోర్టుకు వెళ్తే లోపల ఏం పంపారన్నది అక్కడే తెరిచి చూపించాలి. 'తలుపు తాళం' అని తిరిగివస్తే మళ్లీ పంపండి. చేతికి ఇవ్వడం, ఇంట్లోవాళ్లకు ఇవ్వడం రెండూ కుదరకపోతే, ఇంటి ముందు స్పష్టంగా కనబడే చోట అంటించి, ఇద్దరు సాక్షుల ముందు తేదీ కనబడేలా ఫోటో తీయండి. 106వ సెక్షన్ కింది నోటీసుకు చట్టం చెప్పిన పద్ధతులే ఇవి. ఈ నోటీసుకూ వీటినే పాటిస్తే ఎవరూ వంక పెట్టలేరు. వాట్సాప్‌లో ఫోటో పంపడం అదనంగా మంచిదే, దాన్నే నమ్ముకోకూడదు.

గడువు నడుస్తున్నప్పుడు

నీళ్లు ఆపడం, మోటారు గదికి తాళం వేయడం, కరెంటు తీయించడం, గేటు మూయడం వద్దు. అలా చేసిన మరుక్షణం తప్పు చేసినవాళ్లు మీరైపోతారు. చట్టప్రకారం కాకుండా ఇంట్లోంచి వెళ్లగొడితే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 1963లోని 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేసి బాడుగదారు తిరిగి ఇంట్లోకి రావచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న వాదన కూడా పనికిరాదు. అడ్వాన్సులో కోత పెడతానని అనడం కూడా ఇప్పుడు కాదు. ఖాళీ చేసే రోజు లెక్కలో చూసుకోవచ్చు.

బాడుగ తీసుకోండి. తీసుకున్నప్పుడు రసీదు మీద 'తేది ………… నోటీసులోని హక్కులకు భంగం లేకుండా' అని రాయండి. ఫోన్‌పేలో వచ్చినా అదే మాట మెసేజీగా పంపండి.

గడువు ముగిసిన పొద్దున

చెప్పిన వేళకే వెళ్లండి. మూడు పనుల్లో రెండు అయ్యాయి, మూడోది సిలిండర్లు రేపు వెళ్తాయంటే ఒక వారం పొడిగించొచ్చు. కాని ఆ పొడిగింపు కూడా కాగితం మీదే ఉండాలి: 'అమ్మకం ఆగింది, బోర్డు తీశారు, సిలిండర్లకు తేది ………… దాకా గడువు ఇస్తున్నాను.' ఇద్దరూ సంతకం చేయండి.

అసలేమీ కాకపోతే ఆ రోజు ఫోటోలు తీసి, అగ్రిమెంటు, నోటీసు నకలు, పోస్టు రసీదు, ట్రాకింగ్ ప్రింటు, తిరిగొచ్చిన కవరు, బాడుగ రసీదులు పట్టుకుని లాయరు దగ్గరికి వెళ్లండి. లీజు రద్దు చేస్తున్నట్టు ఇచ్చే రెండో నోటీసు లాయరే రాయాలి. రాష్ట్రానికి అద్దె ఇళ్ల చట్టం విడిగా ఉంది కాబట్టి కేసు ఎక్కడ వేయాలో కూడా ఆయనే చూడాలి. ఆ నోటీసు వెళ్లాక వచ్చే బాడుగ విషయంలో మీ అంతట మీరు ఏమీ చేయకండి. రద్దయిన తర్వాత కాలానికి బాడుగ తీసుకుంటే, దావా వేయకముందు తీసుకున్నదైతే, ఆస్తి బదలాయింపు చట్టం 112వ సెక్షన్ కింద రద్దును వదులుకున్నట్టు అవుతుంది.

పని పూర్తయితే మాటిచ్చినట్టే అక్కడికక్కడే రాసివ్వండి: 'తేది ………… నోటీసులో అడిగిన పనులన్నీ తేది ………… నాటికి పూర్తయ్యాయి. నేను స్వయంగా చూశాను. ఆ నోటీసు ఇంతటితో ముగిసింది. అగ్రిమెంటు యథాతథంగా కొనసాగుతుంది.' సంతకం చేసి ఒక ప్రతి వాళ్లకిచ్చి, ఒకటి అగ్రిమెంటుకు పిన్ను కొట్టి పెట్టండి. అగ్రిమెంటు రెన్యువల్‌కు వచ్చినప్పుడు 6వ షరతులో 'కర్రీ పాయింట్, టిఫిన్ సెంటర్, ట్యూషన్, బ్యూటీ పార్లర్ సహా' అని నాలుగు మాటలు చేర్చండి.